ఖాళీ గ్లాసుతో కమలాపూర్‌కి

“గ్లాసుంది. మరి సీసా ఏడుంది?”

తెల్లవారుజాము నాలుగున్నర. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటి సిరొంచ వైపు దిగామో లేదో, నాకాబందీ దగ్గర కారు ఆపారు. టార్చిలైటు పట్టుకున్న కానిస్టేబుల్ మరాఠీలో మొదలుపెట్టి, మా నంబరు ప్లేటూ మా మొహాలూ చూసి తెలుగులోకి దిగాడు. డిక్కీ తెరిపించాడు. సీట్ల కింద వెలుగు కొట్టాడు. నా సంచీలో రుమాలు చుట్టిన మూట దొరికింది. విప్పితే గ్లాసు. పొట్ట దగ్గర ఉబ్బి మూతి దగ్గర ముడుచుకున్న, విచ్చీ విచ్చని తామరమొగ్గ లాంటి చిన్న గాజు గ్లాసు.

“ఇది తాగేది కాదు సార్, వాసన చూసేది” అన్నాను. నిజమే చెప్పాను గాని, ఆ వేళప్పుడు ఆ చోట అంతకంటే అనుమానం పుట్టించే నిజం ఇంకోటి ఉండదు. మా బావ అందుకున్నాడు. “మా బామ్మర్దికి జర చదువెక్కువైంది సార్. ఇప్పపువ్వు వాసన చూస్తడట. గందుకే కమలాపూర్ పోతున్నం.”

కానిస్టేబుల్ గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్క ముందురోజు రాత్రి తోమిన సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నవ్వి తిరిగిచ్చాడు.

గడ్చిరోలి జిల్లాలోకి చుక్క మందు తీసుకుపోకూడదు. 1993 నుంచి అక్కడ మద్యనిషేధం. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులూ, ఊళ్ళల్లో ఆడవాళ్ళూ ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన నిషేధం అది. చిత్రం ఏమిటంటే, అదే ఏడాది అక్టోబరు 1న నదికి ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రేపిన గాలి అది. గోదావరి రెండు ఒడ్లూ ఒకే ఏడు తాగుడు మీద తిరగబడ్డాయన్నమాట. ఇవతల మనం 1995లో సంపూర్ణ నిషేధం దాకా పోయి, రెండేళ్ళకే వెనక్కి వచ్చేశాం. గడ్చిరోలికి ఆనుకున్న చంద్రపూర్ జిల్లా 2015లో నిషేధం పెట్టుకుని 2021లో తీసేసింది. గడ్చిరోలి మాత్రం ఇంకా ఆ మాట మీదే ఉంది. అందుకే మా సీసాలన్నీ మహదేవపూర్‌లో, అక్క వాళ్ళింట్లో, బియ్యం డబ్బా పక్కన ఉండిపోయాయి.

ఆ సీసాల సంగతి ముందు చెప్పాలి.

ముందురోజు రాత్రి అక్క వాళ్ళ డాబా మీద ఐదు సీసాలు వరసగా పెట్టాను. బావ రోజూ తాగే దేశీ విస్కీ ఒకటి. ఐర్లండ్ నుంచి జేమ్సన్, అమెరికా నుంచి జిమ్ బీమ్, బెంగుళూరు నుంచి అమృత్ ఫ్యూజన్, స్కాట్లండ్‌లో ఐలే దీవి నుంచి లఫ్రోయిగ్. ఒక్కోదాంట్లోంచి మూత నిండా పోసి, ముందు ముక్కుతో, తరవాత నాలుకతో, ఆ తరవాత రెండు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ ముక్కుతో చూడాలని బావకి పాఠం చెప్పాను. ఆయనకి నచ్చనిదల్లా ఒకటే. మధ్యలో ఏమీ తినకూడదన్నాను.

“స్టఫ్ లేకుంట మందేంది బామ్మర్ది?”

పల్లీల గిన్నె దూరంగా జరిపాను. ఎరువుల దుకాణం నడిపే మనిషి, ముప్ఫై ఏళ్ళుగా బేరాలాడిన మనిషి, ఆ గిన్నె వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

బావ బ్రాండుతోనే మొదలుపెట్టాం. ముక్కుకి ముందు స్పిరిటు కొట్టింది, తరవాత బేకరీలో కేకు సువాసన, అదీ పైపైన రాసినట్టు. దీన్ని తీసిపారేయడం సులువు. నేను పారేయలేదు, ఎందుకంటే దీని వెనక ఒక లెక్క ఉంది. మన దేశంలో చవకగా దొరికే విస్కీలో చాలా భాగానికి మూలం ధాన్యం కాదు, చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్. తిండిగింజల కరువు దెబ్బ తిన్న దేశం గింజల్ని బట్టీకి పంపడానికి జంకింది, చెరకు మడ్డిని పంపింది. దాన్నుంచి తీసిన స్పిరిటుకి రంగూ వాసనా, కొన్నిటికి కాస్త మాల్టూ చేర్చి విస్కీ అన్నాం. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. వాళ్ళ లెక్కలో అది రమ్ముకి చుట్టం. మరి మన పల్లెల్లో గుడుంబా దేంతో కాస్తారు? నల్లబెల్లంతో. నల్లబెల్లమైనా, మొలాసిస్ అయినా తల్లి చెరకే. ఒకడు ఫ్యాక్టరీకి పోయి సూటు వేసుకున్నాడు, ఒకడు పొదల్లో పటిక కలుపుకుని పోలీసులకి దొరికాడు. ఈ మాటంటే బావ కాసేపు నాతో మాట్లాడలేదు.

జేమ్సన్ నున్నగా జారిపోయింది. మూడుసార్లు బట్టీ పెట్టడం ఐరిష్ వాళ్ళ అలవాటు. వాళ్ళ సంప్రదాయంలో ఇంకో ముచ్చట ఉంది. 18వ శతాబ్దంలో మొలకెత్తించిన బార్లీ మీద ప్రభుత్వం పన్ను వేస్తే, తయారీదార్లు మొలకెత్తని పచ్చి బార్లీని కలపడం మొదలుపెట్టారు. పన్ను తప్పించుకోడానికి చేసిన పని ఒక రుచి అయి కూర్చుంది. జిమ్ బీమ్‌దీ ఇలాంటి కథే. బోర్బన్ అనాలంటే గింజల్లో కనీసం 51 శాతం మక్కజొన్న ఉండాలి, లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలో ఉంచాలి. కొత్త పీపానే ఎందుకు? చట్టం. అందుకే ఒకసారి వాడిన పీపాలు అమెరికా వాళ్ళకి పనికిరాక స్కాట్లండ్‌కి పోతాయి, అక్కడి విస్కీలో వెనిల్లా అయి తేలతాయి. జిమ్ బీమ్ వాసన చూసి బావ తడుముకోకుండా “ఐస్‌క్రీం బండి” అన్నాడు. ఓక్ చెక్కలో ఉన్న పదార్థం కాలితే పుట్టేది అచ్చంగా వెనిల్లా వాసనే. ముప్ఫై ఏళ్ళు మక్కలకి ఎరువులమ్మిన మనిషికి మక్కల్లో ఈ సంగతి కూడా ఉందని ఆ రాత్రే తెలిసింది. “మావోళ్ళ మక్కలు కోళ్ళ దాణాకు పోవట్టె” అని నిట్టూర్చాడు.

అమృత్ ఫ్యూజన్‌లో మన బార్లీ, స్కాట్లండ్ పొగ బార్లీ కలిసి ఉంటాయి. 2004లో ఈ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ని మొదటగా అమ్మకానికి పెట్టింది గ్లాస్గోలో, స్కాచ్ పుట్టింట్లోనే. పీపాలోంచి ఏటా ఆవిరైపోయేదాన్ని దేవదూతల వాటా అంటారు. స్కాట్లండ్‌లో అది 2 శాతం. బెంగుళూరు వేడికి 10 శాతం దాటుతుంది. మన దేవతలకి దాహం ఎక్కువ. 45 డిగ్రీలు కాసే గోదావరి లోయలో పీపా పెడితే మనకి మిగిలేది పీపాయే.

లఫ్రోయిగ్ మూత తీయగానే మెట్ల మీదినుంచి అక్క గొంతు వినిపించింది.

“ఏందిరా, డెట్టాల్ సీసా పగిలిందా?”

పైకొచ్చింది. గ్లాసు ఇచ్చాను. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “దవాఖాన” అంది. ఆగి, “మామూలు దవాఖాన కాదు, కాన్పుల వార్డు. రాత్రి. ఎవరో బయట బొగ్గుల కుంపటి పెట్టిండ్రు” అంది. పుస్తకాలు చదివి నేను నేర్చుకున్న మాటలు అయోడిన్, సముద్రపు నాచు, తారు. అవన్నీ సరైనవే. కానీ అక్క చెప్పిందాంట్లో మనుషులున్నారు. ఐలేలో చెట్లు తక్కువ. వేల ఏళ్ళుగా తడినేలలో కుళ్ళి గట్టిపడిన నాచుగడ్డిని తవ్వి, ఎండబెట్టి, దాని పొగ మీద మొలక బార్లీని ఆరబెడతారు. మొలకెత్తించి ఆరబెట్టడం మనకీ కొత్తేం కాదు, రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిల్లలకి కాచిపోసేదీ మాల్టే. తేడా పొగలో ఉంది.

ఆ రాత్రి డాబా మీద నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ప్రతి సీసాలో సగం నేలైతే సగం ఆబ్కారీ చట్టం. రెండోది, నా ముక్కు ఇంగ్లీషులో చదువుకుంది. అక్క ముక్కు తెలుగులో పెరిగింది. “ఇప్పపువ్వు రాలే దినాలు గదా, కమలాపూర్ పోయి వాసన సూడరాదు, అక్కడ నాకు తెలిసిన అవ్వ ఉన్నది” అని దారి చూపించిందీ ఆవిడే.

సిరొంచ ఇంకా లేవలేదు. దుకాణాల బోర్డులు మరాఠీలో, బోర్డుల కింద అరుగుల మీద పడుకున్నవాళ్ళ కలవరింతలు తెలుగులో. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చి, ఎగువ గోదావరి జిల్లాకి ముఖ్యపట్టణమై, ఆ జిల్లా 1874లో రద్దయితే చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, కలిసిపోయిన ఊరు ఇది. గోదావరి మీద సముద్రం దాకా పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ కన్న కలలో ఇదొక మజిలీ. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, పైన ప్రాణహిత మీద దేవల్‌మరి, మూడు చోట్ల రాతి అడ్డంకులు దాటించాలని పనులు మొదలుపెట్టి 1871లో వదిలేశారు. ఆ తెల్ల ఇంజనీర్లు ఇక్కడ సాయంత్రాలు ఏం తాగి ఉంటారు? విస్కీ అనుకుంటాం. బ్రాందీ అయ్యుంటుంది. అప్పటికి దొరల పానీయం అదే. ఫ్రాన్సు ద్రాక్షతోటలని ఫిలాక్సెరా పురుగు తినేసి బ్రాందీకి కరువొచ్చాకే, 19వ శతాబ్దం చివర్లో, స్కాచ్ విస్కీ ఆ కుర్చీ ఎక్కింది. మనవాళ్ళ నోట్లో మాత్రం పాత పేరే మిగిలింది. విస్కీ అమ్మినా బీరు అమ్మినా అది ‘బ్రాందీ షాపే’.

అల్లాపల్లి రోడ్డు గురించి చెప్పడం మొదలుపెడితే గోతుల పేర్లతో వ్యాసం నిండిపోతుంది. జిమల్‌గట్ట దాటాక అడవి దగ్గరపడింది. ఇది టేకు దేశం. అల్లాపల్లిలో ఒక ముక్క అడవిని నరకకుండా వదిలేసి, దాన్ని అల్లాపల్లి వైభవం అని ఇంగ్లీషులో పేరు పెట్టి కాపాడుతున్నారు. ఇంత కలప ఉన్న చోట పీపా ఆలోచన ఎందుకు రాలేదా అనుకున్నాను. సరుకు లేక కాదు, అవసరం లేక. ఆ సంగతి గంటలో తెలియబోతోంది.

రేపనపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి పక్కకి తిరిగాం. ఏడయ్యేసరికి కమలాపూర్.

ఊరి చివర ఇప్పచెట్టు కింద అవ్వ దొరికింది. చెట్టు కింద నేల నల్లగా ఉంది. పువ్వు కనపడాలని ఎండుటాకులకి నిప్పు పెడతారు, ఒక్కోసారి ఆ నిప్పే అడవిలోకి పాకుతుంది. ఆ నల్లని నేల మీద తెల్లటి పువ్వులు, ఎవరో ముత్యాల దండ తెంపినట్టు. ఆకులన్నీ రాలిపోయిన కొమ్మల చివర గుత్తులు. అర్ధరాత్రి నుంచి రాలుతూనే ఉంటాయట. మేం నిలబడ్డ కాసేపట్లోనే నాలుగైదు టప్పు టప్పుమని పడ్డాయి. ఒకటి బావ బట్టతల మీద. చేతిలోకి తీసుకుంటే పువ్వులా ఉండదు. గోళీకాయంత లావు, గుజ్జు నిండిన రేకుల గుల్ల, నొక్కితే తేనె జిగట.

“అక్క పంపిందా?” అంది అవ్వ, ఒంగున్న నడుం లేపకుండానే. ఆమె మాడియా ఆదివాసీ, మాట మా కరీంనగర్ తెలుగు. “ఈ పిలగాడు పువ్వు కొంటడా?”

“కొనడవ్వా. వాసన చూస్తడు” అన్నాడు బావ.

గ్లాసు తీసి చూపించాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది. దోసెడు పువ్వులు ఏరి అందులో వేసింది. ముక్కు పెట్టాను. మొదట ఏదో తెలిసిన వాసన, ఎంతో తెలిసిన వాసన, పేరు మాత్రం రాదు. అవ్వే అంది. “అన్నం గాదు బిడ్డా? చిట్టిముత్యాలు గంజి వార్చినట్టు లేదూ?”

అవును. వంటింట్లో ఎసరు పొంగి, మూత పక్కకి జరిపినప్పుడు మొహానికి తగిలే ఆవిరి. ఆ అడుగున పచ్చిపాలు, ఇంకా అడుగున, చెప్పకూడదు గాని, ఎలకలు తిరిగిన అటక. ఈ వాసనకి శాస్త్రవేత్తలు పేరు కనిపెట్టారు, రెండు అసిటైల్ ఒకటి పైరోలిన్. బాస్మతిలో ఉండేది అదే. కలకత్తా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి పులుల మీద జీవితమంతా పనిచేశాడు. పులి తన హద్దు చెప్పడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలో కూడా అదే పదార్థం ఉందని చెప్పాడు. బాస్మతి అన్నం, ఇప్పపువ్వు, పెద్దపులి. ఇది అవ్వకి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. “అడివిల అన్నం వాసనొస్తే ముసలోళ్ళు ఎనక్కు తిరిగొస్తుండ్రి” అంది. నన్ను ఆటపట్టించడానికి అందో, నిజంగానే అందో తేల్చుకోలేకపోయాను.

ఎండ ఎక్కాక ఆమె వెంట ఇంటికి వెళ్ళాం. వాకిట్లో చాప మీద పదిరోజుల పువ్వు ఎండుతోంది, తెలుపు పోయి ఇటుక రంగుకి తిరిగింది. నా చూపు చూసి, అవ్వ లోపలికి వెళ్ళి పొయ్యి పైన వేలాడే బుట్టలోంచి గుప్పెడు తెచ్చింది. నిరుటి పువ్వు. నల్లగా, ముడుచుకుని, ఎండుద్రాక్షలా. ఆమె అడక్కుండానే మూడు కుప్పలు పెట్టింది: ఇవాళ్టిది, పదిరోజులది, ఏడాదిది. నేను రాత్రి డాబా మీద సీసాలు పెట్టిన తీరుగానే.

మూడూ గ్లాసులో మార్చి మార్చి చూశాను. ఇవాళ్టిది అన్నం. పదిరోజులది బెల్లం పాకం, తీగ రాకముందు పాకం, అందులో కొంచెం పండిన రేగుపండు. నిరుటిదాంట్లో ముక్కు పెట్టగానే రాత్రి అక్క మెట్లెక్కి వచ్చినట్టయింది. పొగ. ఏడాది పొడుగునా కింద వండిన వంటల పొగ, చింతపండు తొక్కు, చుట్ట పొగాకు, పాత ఇత్తడి. విస్కీకి వయసు పీపాలో వస్తుంది. ఇక్కడ వయసు పువ్వుకే వస్తోంది, పొయ్యి పైన, బుట్టలో. ఐలే వాళ్ళు బార్లీకి పొగ పెడితే, ఇక్కడ అన్నం వండుకుంటుంటే పొగ దానంతటదే పట్టింది. తీసిన సారాని దాచరు, పండగనాడే తాగేస్తారు కాబట్టి పీపా అక్కర్లేదు. టేకు దేశంలో పీపా ఎందుకు లేదో అప్పుడర్థమైంది.

ఇంతలో అవ్వ చెయ్యి నీళ్ళలో ముంచి గ్లాసులోకి రెండు చుక్కలు చిలకరించింది. “ఇప్పుడు జూడు.” పొగ రెండింతలైంది. విస్కీలో నీళ్ళు కలిపితే వాసన ఎందుకు లేస్తుందో 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటర్ మీద లెక్కకట్టారు. నీళ్ళు చేరితే పొగవాసన మోసే గ్వయాకాల్ ద్రవం పైకి తేలుతుందని చెప్పారు. ఎండు పువ్వు మీద జరిగింది అదేనని అననుగాని, ఆ ముసలి చేతికి ఎప్పుడు ఎంత తడి కావాలో తెలుసు.

బట్టీ గురించి అడిగాను. “ఇప్పుడు పెడ్తలేం” అంది గట్టిగా, వాకిట్లోకి వినపడేట్టు. కానీ చేతులు ఊరుకోలేదు. గాలిలో మూడు రాళ్ళు పెట్టింది. వాటి మీద కుండ ఎత్తింది, అందులో వారం నానిన పువ్వు. దాని మీద అడుగున చిల్లులున్న ఇంకో కుండ, ఆ కుండలో చిన్న గిన్నె. అన్నిటి మీదా చల్లనీళ్ళ బేసిన్. కింది ఆవిరి పైకెక్కి, చల్లటి అడుగుకి తగిలి, బొట్టు బొట్టుగా గిన్నెలోకి. బేసిన్‌లో నీళ్ళు వేడెక్కితే పారబోసి మళ్ళీ చల్లనీళ్ళు. ఎన్నిసార్లు మార్చారన్నదే లెక్క. మార్పులు పెరిగే కొద్దీ సరుకు పలచన. నిప్పులో పోస్తే భగ్గుమనాలి. మొదటి దొప్ప దేవుడిది, నేల మీద పోయాలి. స్కాట్లండ్‌లో కూడా మొదటి ధారని పక్కకి తీసేస్తారు, తాగడానికి పనికిరానిదని. వీళ్ళు దేవుడికిస్తారు. ఆ రెండు పనులకీ సంబంధం ఉందని నేననను. చేతులు రెండుచోట్లా ఒకే పని చేస్తున్నాయి, అంతే.

ఇంతటి బట్టీలో వాడనిది ఒకటుంది, మొలక. గింజలో ఉండేది పిండి, దాన్ని చక్కెర చెయ్యడానికే మొలకెత్తించే తంతు అంతా. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. అందుకే ఇప్పసారాని ‘ఆదివాసీ విస్కీ’ అనే వాళ్ళతో నాకు పేచీ. గింజ లేకుండా విస్కీ లేదు. దాని పేరుతోనే దాన్ని ఉండనివ్వాలి. తమిళంలో ఇలుప్పై, మనకి ఇప్ప, ఇంత పాత పేరుండగా అరువు గొడుగు దేనికి?

దాని రుచి నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట ఇంద్రావతి అవతల భోపాలపట్నం దగ్గర ఒక ఇంట్లో అతిథిగా తాగాను. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుటుంబాలు ఇంటి అవసరానికి 5 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. మోదుగాకు దొప్పలో, గోరువెచ్చగా ఇచ్చారు. మొదట పువ్వు, తరవాత పొగ, చివర కొంచెం వగరు, అది ఆకుదో సారాదో తెలీదు. తరవాత గోవాలో సీసాలో దొరికే ఇప్ప మందు తాగాను. డెస్మండ్ నజరత్ అనే ఆయన 2018లో తెచ్చింది. తయారీ మన చిత్తూరు జిల్లాలోనే. శుభ్రంగా, నిదానంగా, పూలే పూలు. మంచి సరుకు. కానీ పొయ్యి పొగ లేదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆదివాసీల చేత తీయించి మోండ్ అని, మోహులో అని పేర్లు పెట్టి వారసత్వ మద్యంగా అమ్ముతోంది. ఒకప్పుడు ఇదే పువ్వు దాచుకోవడమే నేరం. 1892లో బొంబాయి ప్రభుత్వం ఠాణా, కొలాబా జిల్లాల కోసం ప్రత్యేకంగా మౌవ్రా చట్టం చేసింది. సర్కారు సారా అమ్ముడుపోవాలంటే చెట్టు కింది పువ్వు జనం చేతికి చిక్కకూడదు. చాటుగా కాయాల్సి వచ్చినవాడు వారం ఆగలేడు. నల్లబెల్లం వేస్తాడు, పటిక వేస్తాడు, రాత్రికి రాత్రి దించేస్తాడు. ఐరిష్ వాళ్ళకి పన్ను ఒక రుచినిచ్చింది. మనకి చట్టం రుచి పోగొట్టింది.

ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే అవ్వ ఎండు పువ్వుల్లో పుల్లలు ఏరుతూ వింది. ఆమె పెద్దకొడుకు తాగి తాగి పోయాడని అక్క నాకు ముందే చెప్పి ఉంటే నోరు కాస్త అదుపులో ఉండేది. ఆమే చెప్పింది, ఏరుతూనే. “పువ్వుది గాదు. అవుతలకెళ్ళి తెచ్చిన సీసాలు.” ఎటు అవతల అని అడగలేదు. పొద్దున మేం దాటి వచ్చింది ఒక్కటే వంతెన.

మధ్యాహ్నం ఏనుగుల దగ్గరికి వెళ్ళాం. మహారాష్ట్రలో ఏనుగుల శిబిరం ఉన్నది ఈ కమలాపూర్‌లోనే. ఒకప్పుడు టేకు దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగుల సంతతి. 2022లో వాటిలో కొన్నిటిని గుజరాత్‌కి తరలిస్తారంటే స్థానికులు గట్టిగా అడ్డుపడ్డారు. చెరువు గట్టున ఒక ఆడ ఏనుగు తొండంతో దుమ్ము చల్లుకుంటోంది. మావటిని అడిగాను, ఇప్పపువ్వు తింటే ఏనుగులకి ఎక్కుతుందా అని. అదే ఏడాది నవంబరులో ఒడిశా కేంఝర్‌లో ఊరివాళ్ళు నానబెట్టుకున్న ఇప్ప కుండలు పగిలిపోయి, పక్కనే 24 ఏనుగులు పడి నిద్రపోతున్నాయన్న వార్త నా మనసులో ఉంది. మావటి నవ్వాడు. “రాలిన పువ్వు తింటది, మస్తు తింటది. ఎక్కుడైతే నేను చూడలే. నాకే ఎక్కలే ఎన్నడూ” అన్నాడు. నా రుమాలు మూట వైపు తొండం చాచిందది. తొండం కొస తడిగా, మెత్తగా వచ్చి ముడి మీద ఆగింది. విప్పలేదు. లోపల ఏముందో, ఏ వయసుదో దానికి తెలిసిపోయినట్టు ఒక ఊపిరి పీల్చి వెనక్కి తీసుకుంది. మా అందరిలో అసలైన ముక్కు అది.

తిరుగు దారిలో వంతెన దగ్గర మళ్ళీ ఆపారు. ఈసారి వేరే కానిస్టేబుల్. గ్లాసు వాసన చూసి, “ఇప్పపువ్వు” అన్నాడు. ప్రశ్న వేయలేదు.

రాత్రి డాబా మీద ఐదు సీసాలు పెట్టే ఓపిక లేదు. లఫ్రోయిగ్ ఒక్కటే తెచ్చాను. నిరుటి పువ్వు ఉన్న గ్లాసు కడగకుండా, పువ్వు తీసి, అందులోనే మూత నిండా పోశాను. అక్కని పిలిచాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

“దవాఖాన యాడికి పోయింది?” అంది. “ఇది అమ్మమ్మోళ్ళ వంటిల్లు గదరా. అటుక మీద.”

రుమాల్లో మిగిలిన పువ్వులు చూసింది. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్ళు వీటితో లడ్డూలు చేసి అమ్ముతున్నారట, ఎలా చేస్తారో కనుక్కుని రేపు చేస్తానని, పుల్లలు ఏరుకుంటూ మెట్లు దిగింది.

బావ కుర్చీ నా పక్కకి జరిపాడు. ఒళ్ళో పల్లీల గిన్నె.

“అయిపోయిందా వాసన? ఇగ తినొచ్చునా?”